కానుగ కొమ్మ మీది కటోరా

దుకాణంలో పుట్టి పెరిగినవాడికి పొద్దున్నే వచ్చిన మొదటి మనిషిని ఉత్తచేతులతో పంపడం చేతకాదు. మా నాన్నది పటాన్‌చెరు బజారులో స్టీలు సామాన్ల దుకాణం. బోణీ బేరం చెడిందంటే మధ్యాహ్నం దాకా ఆయన మొహం మాడిపోయి ఉండేది. బిందె కోసం వచ్చినావిడ బిందె వద్దని లేస్తే, నష్టమైనా సరే ఒక చెంచా అయినా ఆమె చేతిలో పెట్టి పంపేవాడు. ఆ రోగం నాకూ అంటింది. దుకాణం పోయింది గాని రోగం పోలేదు. యాభై దాటాక, చెట్లూ పిట్టలూ తప్ప అమ్మడానికి ఏమీ లేని ఒక తోట గేటు దగ్గర కూర్చుని కూడా నేను బోణీ కోసమే ఎదురుచూసేవాణ్ణి.

ముత్తంగి దాటి లక్డారం వైపు మళ్లితే, గోదాముల గోడలు అయిపోయిన చోట ఆ తోట మొదలవుతుంది. ఒకప్పుడు ఎవరో జాగీర్దారు వేయించుకున్నది. నడుమ రాతి దిగుడుబావి, బావి నుంచి నాలుగు దిక్కులకూ గచ్చు కాలువలు, వాటి పక్కన మామిళ్లు, సపోటాలు, వరసగా పొగడ చెట్లు. బంగ్లా పైకప్పు ఎప్పుడో కూలింది. మామిళ్లు ముసలివై కాయడం మానేశాయి. మనుషులు వదిలేసిన తోటను పిట్టలు ఆక్రమించుకున్నాయి. చుట్టూ ఫ్యాక్టరీలు లేచేకొద్దీ పారిపోయి వచ్చినవన్నీ ఇందులోనే దూరాయి. అది చూసి ప్రభుత్వం వాళ్లు కంచె వేసి, ఇక్కడ చెట్టు కొట్టరాదు, పిట్టను పట్టరాదు అని బోర్డు పెట్టారు. గేటు పక్కన జాగీర్దారు కావలివాళ్ల గదికి సున్నం వేసి విజిటర్ సెంటర్ అన్నారు. గోడ మీద పిట్టల బొమ్మలు, ఒక్కో బొమ్మ కింద ఒక మీట. మీట నొక్కితే ఆ పిట్ట కూయాలి. నేను చేరేనాటికే జెముడుకాకి ఒక్కటే కూసేది. నెమలి మీట నొక్కినా జెముడుకాకే.

నేను అక్కడ ఎలా తేలానంటే, మా దుకాణం రోడ్డు వెడల్పులో పోయింది. తమ్ముడు కొత్త కాంప్లెక్సులో దుకాణం పెట్టాడు. ప్రతి గిన్నె మీదా ధర చీటీ, బిల్లుకు మిషను. మొదటిరోజే వాడు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, "నువ్ ఊకె కూసో అన్నా, ఇన్నేండ్లు నిలవడ్డవ్ గద" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. కాని బేరం లేని దుకాణంలో నేనెందుకు? వారం కూర్చుని, ఎనిమిదో రోజు వెళ్లడం మానేశాను. ఎందుకు రాలేదని వాడు అడుగుతాడని రెండు రోజులు ఫోను చేతిలోనే పట్టుకు తిరిగాను.

ఇంట్లోనూ అడిగేవాళ్లు లేరు. పెళ్లి సంబంధాల్లో కూడా బేరమాడినవాణ్ణి నేను. ఆస్తికీ కట్నానికీ కాదు, ఇంతకంటే మంచిది వస్తుందని. ఒక్కో సంబంధం లేచి వెళ్తుంటే, నాలుగడుగులు వేసి వెనక్కి తిరుగుతారులే అని కదలకుండా కూర్చున్నాను. దుకాణం మెట్లు దిగిన గిరాకీ అలాగే తిరిగివస్తుంది. సంబంధాలు తిరిగిరావని తెలిసేసరికి నా తల నెరిసింది. ఇక పొద్దున లేస్తే మధ్యాహ్నం దాకా నోరు తెరవాల్సిన పని ఉండేది కాదు. పాల ప్యాకెట్ కూడా గేటుకు తగిలించిన సంచిలో పడేది.

తోట బాధ్యత చూసే సారు మా దుకాణం పాత గిరాకీ. ఒకరోజు బజారులో కనిపించి, సెంటర్‌లో కూర్చోవడానికి మనిషి కావాలన్నాడు. ఆ మాటకు లోపల ఎగిరి గంతేశాను. పైకి మాత్రం తలగోక్కుని, దూరమన్నాను, మోకాళ్లన్నాను. అలవాటు.

ఆయన నవ్వాడు. "నీ బేరాలు నాకెరుకనే. వచ్చెయ్. కానీ ఒక మాట చెప్తున్న విను. అక్కడికి జనం వస్తలేరు. ఈ వానలు పొయ్యేదాంక చూస్తం. గప్పటికీ రాకపోతే తాళమేసి సామాన్లు పెట్టుకుంటం."

ఇక జనం రావాలి. నాకు కావలసింది అదొక్కటే. వాళ్లు వస్తే గది తెరిచి ఉంటుంది, గది తెరిచి ఉంటే "రాండ్రి, కూసోండ్రి" అనడానికి నాకొక చోటు ఉంటుంది.

తోటలో నాకు తోడు ఒక తోటమాలి. లక్డారం నుంచి షేర్ ఆటోలో వచ్చేది. ఆమె అత్త కూడా ఈ కాలువలకే నీళ్లు మళ్లించిందట. ఆదివారం మాత్రం చర్చి అయ్యాకే వచ్చేది, తెల్లచీరలోనే. మొదటిరోజే నన్ను సేటు అని పిలిచింది. ఇప్పుడు సేటును కాదక్కా అన్నాను. "గల్లా పెట్టె లేకున్నా గట్లనే కూసున్నవ్ గద" అంది. చూసుకుంటే నిజమే, కాలు మీద కాలు మడిచి, దారికి ఎదురుగా కూర్చుని ఉన్నాను.

ఇంకొకాయన ఉండేవాడు. ఎప్పుడో కోస్తా నుంచి ప్లాంటులో ఉద్యోగానికి వచ్చి, రిటైరై, ఇక్కడే ఉండిపోయినాయన. కొత్తగా కెమెరా కొనుక్కున్నాడు. వారంలో మూడు నాలుగు రోజులు స్కూటర్ మీద వచ్చేవాడు. ఆయన వచ్చిన రోజు నాకు బోణీ అయినట్టే. ఫ్లాస్కులో కాఫీ తెచ్చుకుని, మూతలో పోసి ముందు నాకిచ్చేవాడు.

"ఈ మూత దీనిది కాదు సార్, వేరే కంపెనీది. మిమ్మల్ని మోసం చేసిండు" అన్నాను ఒకసారి.

"కారట్లేదు కదండీ?"

"కారుతలేదు."

"మరింకేం! తాగండి, చల్లారిపోతోంది."

అంతే మా సంభాషణ. కాని ఆ మూతెడు కాఫీ కోసం నేను ఇంట్లో టీ మానేశాను.

ఎండాకాలం చివర ఒకరోజు తోటమాలి బావి వైపు నుంచి వచ్చి నా ముందు నిలబడింది. చేతులు వెనక్కి కట్టుకుంది.

"సేటు, నీకొకటి సూపిస్త. నోరు కట్టేసుకుంటనంటెనే."

"కట్టేసుకున్న."

"నీది దుకాణం నోరు. ప్రభువు మీద ఒట్టేసి చెప్పమంటె నువ్ మా దేవుని మీద గూడ బేరం జేస్తవ్."

ఒట్టు లేకుండానే తీసుకెళ్లింది. బావి గట్టు మీదికి వంగిన కానుగ కొమ్మ. మనిషెత్తున, రెండు రెమ్మల పంగలో, మా దుకాణంలో అన్నిటికంటే చిన్న కటోరా గిన్నె ఉండేది, సరిగ్గా అంత గూడు. గడ్డి పోచలు, సాలీడు దారాలతో పోతపోసినట్టుంది. అందులో ఒక తెల్లని పిట్ట. తల నల్లన, నెత్తిన చిన్న జుట్టు. తోక గూట్లో పట్టక, రెండు తెల్లని పొడుగాటి నాడాల్లాగా బయటికి వేలాడుతోంది.

"మొగది. ఇద్దరూ వంతులేసుకొని పొదుగుతరు. ఆడదానికి ఇంత తోక లేదు, ఎర్రగుంటది" అంది ఆమె గుసగుసగా. "మా అత్త సూపించింది నాకు. నేను నీకు సూపించిన. ఇగ ఇక్కడికే సాలు."

మూడు రోజులు ఆగాను. నా జన్మలో ఏ మంచి సరుకునూ మూడు రోజులు గుడ్డ కప్పి దాచలేదు. నాలుగోరోజు కెమెరా ఆయన వచ్చాడు. కాఫీ పోస్తూ, "ఏవండీ, ఇవాళేమైనా ఉందా? వెళ్తే ఆ పావురాలే" అన్నాడు. మొహం చూస్తే, ఇలాగే ఉంటే ఇక రాడేమోనన్నట్టుంది. బోణీ గిరాకీ మెట్లు దిగుతోంది. కాఫీ మూత కింద పెట్టి, "రాండ్రి సార్" అన్నాను.

ఆయన బావి దగ్గర చాలాసేపు ఊపిరి కూడా తీయలేదు. తిరిగి వస్తూ నా భుజం మీద చెయ్యి వేశాడు. నా భుజం మీద మనిషి చెయ్యి పడి ఎన్నాళ్లయిందో.

ఆ ఫోటో ఆయన వాళ్ల గ్రూపులో పెట్టాడు. అక్కణ్ణుంచి ఇంకెన్ని ఫోన్లకు పోయిందో. ఆ శనివారం గేటు ముందు కార్లు ఆగాయి. ఆదివారం ఇంకా ఎక్కువ. ఔటర్ రింగ్ రోడ్డు దిగి అడుగుతూ వచ్చిన కుటుంబాలు, ఫ్యాక్టరీ సెలవుకు వచ్చిన ఒడియా పనివాళ్లు. ఆ పనివాళ్లలో ఒకతను వీడియో కాల్‌లో వాళ్ల అమ్మకు గూడు చూపించాడు. అవతల ఆమెకు ఆకులు తప్ప ఏమీ కనిపించకపోయినా సంతోషంగా ఏదో అరిచింది. నేను గేటు నుంచి బావికి, బావి నుంచి గేటుకు తిరుగుతూ, "మెల్లగ, మెల్లగ, ఒకరెనక ఒకరు" అంటూ, పండగ బేరాల రోజుల్లో మా నాన్న ఎలా ఉండేవాడో అలా ఉన్నాను. సారు వచ్చి, గదిలో నిలబడే చోటు లేకపోవడం చూసి, "గిట్ల నడిస్తే తాళం ముచ్చటే రాదు" అన్నాడు.

తోటమాలి మాత్రం నాతో మాట్లాడడం మానేసింది. వంగి ఊడుస్తూ నా కాళ్ల దాకా వచ్చి, కాళ్లను వదిలేసి చుట్టూ ఊడ్చుకుని పోయేది.

గుడ్లు పిల్లలయ్యాయి. ఇప్పుడు అందరికీ ఆ నోళ్లు తెరవడం చూడాలని. కాని గూటికీ దారికీ నడుమ కానుగ రెమ్మలు గుబురుగా ఉన్నాయి. ఒకావిడ పోతూ పోతూ, "ఇంత దూరం వచ్చినం, ఆకులు జూసి పోతున్నం" అంది. ఆ మాట నన్ను పొడిచింది. మా నాన్న రోజూ తెల్లారగానే చేసే మొదటి పని, సామాను ఇనుప కొక్కేలకు దారిలోకి వేలాడగట్టడం. సరుకు లోపల ఎంత మంచిదున్నా, రోడ్డు మీది మనిషి కంట్లో పడకపోతే లేనట్టే అనేవాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం తోటమాలి చెట్టు కింద సద్ది తింటుండగా, సామాన్ల గదిలోంచి ఆమె కొమ్మల కత్తెర తీసుకుని బావి దగ్గరికి వెళ్లాను. రెండు రెమ్మలు కత్తిరించాను. వెనక్కి జరిగి, దారిలో గిరాకీ నిలబడే చోట నిలబడి చూశాను. బాగానే కనిపిస్తోంది. అయినా ముందుకు వెళ్లి మూడోది కూడా కత్తిరించాను. కొసరు.

ఆ ఒక్క సాయంత్రం అందరికీ మూడు పసుపుపచ్చ నోళ్లు కనిపించాయి.

మర్నాడు నేను వెళ్లేసరికి తోటమాలి బావి గట్టు మీద కూర్చుని ఉంది. గూడు ఒరిగి, ఒక పక్క చీలి ఉంది. లోపల ఏమీ లేదు. పై కొమ్మ మీద కాకి ముక్కు రుద్దుకుంటోంది. తెల్లపిట్ట బావి మీద అటూ ఇటూ ఎగురుతూ, పగిలిన గొంతుతో అరుస్తోంది. దాని అరుపు అంత మోటుగా ఉంటుందని అప్పుడే తెలిసింది నాకు.

మధ్యాహ్నానికి సారు వచ్చాడు. తెగిన రెమ్మలు చూశాడు. "ఎవడు కోసిండిది?"

నేను నేల చూశాను. "కెమెరాలోల్లు శానమంది వచ్చిండ్రు సార్" అన్నాను. అబద్ధం కాదు. మా దుకాణంలో పుట్టినవాడికి అబద్ధం చెప్పకుండా అబద్ధం నమ్మించడం పాలతో వచ్చిన విద్య.

అప్పుడే స్కూటర్ ఆగింది. కెమెరా ఆయన, మెడలో కెమెరా, చేతిలో ఫ్లాస్కు. ఫోటో మొదట పెట్టింది ఆయనేనని సారుకు తెలుసు. గేటు దగ్గరే, పదిమంది ముందు, పెద్ద గొంతుతో కడిగేశాడు. ఫోటో కోసం పసిపిట్టలను చంపుతారా అన్నాడు. ఇంకోసారి కెమెరాతో లోపలికి రావద్దన్నాడు.

కెమెరా ఆయన నా వైపు తిరిగాడు. "మీరు చెప్పండి. నేనలాంటి పని చేస్తానా అండీ?"

నేను బల్ల మీద కరపత్రాలు సర్దుతున్నాను. సర్దినవే మళ్లీ సర్దాను. తర్వాత స్కూటర్ స్టార్టయిన చప్పుడు వినిపించింది. ఆ రోజు నాకు కాఫీ లేదు. ఆ తర్వాత కూడా.

మూడో రోజు తోటమాలి కత్తెర తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"సేటు, నేను దీన్ని పిడి పట్టి మేకుకు తగిలిస్త. మూతి కిందికుంటది. మొన్న మేకును మూతితోని కరిపించి, పిడి కిందికి ఏలాడదీసి ఉండె. గట్ల ఎవలు పెడ్తరు?"

మా దుకాణంలో పట్టకార్లు అలాగే పెట్టేవాళ్లం. తాడును కరిపించి వేలాడదీసేవాళ్లం, దారిన పోయేవాళ్ల చేతికి పిడి అందాలని. ముప్పై ఏళ్లు చేసిన పని, నాకు తెలియకుండానే చెయ్యి చేసేసింది.

"నీకెప్పుడు తెల్సింది?" అన్నాను.

"గా దినమే."

"సారుకు చెప్పలే?"

"నేనెందుకు జెప్పాలె? నోరు నీది గద." కత్తెర అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

ఆ వారమంతా జనం వచ్చి, ఖాళీ గూడు చూసి, పోయారు. తర్వాతి వారం రావడం మానేశారు. నేను సారుకు ఫోను చేశాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, అప్పుడు కూడా బేరమే పెట్టాను.

"సార్, రెమ్మలు ఎవరు కోసిన్రో నాకెరుక. చెప్తే సెంటర్ తెరిచి ఉంచుతరా?"

"ముందు చెప్పు."

చెప్పాను. మూడో రెమ్మ సంగతి కూడా. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఆ పెద్దమనిషిని అందరి ముందట అంటిని గదనయ్యా" అన్నాడు, తనతో తాను అనుకుంటున్నట్టు. తర్వాత తేల్చేశాడు. బావి దారికి ముళ్లకంప అడ్డం వేయించాలి. సెంటర్ ఆదివారం ఒక్కరోజే తెరవాలి. అది కూడా వచ్చే వానలదాకే, అప్పటికీ మనుషులు రాకపోతే తాళం. వారంలో రెండు రోజులు చేయమని అడగబోయి ఊరుకున్నాను. అడిగిన ధరకు ఒప్పేసుకోవడం నాకు జీవితంలో అదే మొదలు.

కెమెరా ఆయనకు సారు కూడా ఫోను చేశాడట. నేను చేసినప్పుడు రెండోసారికి ఎత్తాడు. అంతా చెప్పాను. తప్పయింది సార్ అన్నాను.

"రెమ్మల సంగతి సరేలెండి. పిట్టల గురించి మీకేం తెలుసు, నాకేం తెలుసు" అన్నాడు నిదానంగా. "నేనడిగినప్పుడు మీరు తల ఎత్తలేదు చూశారా, అదొక్కటే..." ఉంటానండీ అని పెట్టేశాడు.

ఎదుటివాడు అలిగితే ఎంతకు దిగుతాడో కొలిచి చెప్పగలననుకునేవాణ్ణి. ఆయన దగ్గర దిగడానికి మెట్టే కనపడలేదు.

అలా ఏడాది గడిచింది. వారంలో ఆరు రోజులు ఇంట్లో, ఒకరోజు తోటలో. ఆదివారాలు పనివాళ్లు వచ్చి పొగడ చెట్ల కింద ఇళ్లకు వీడియో కాల్స్ చేసుకునేవాళ్లు. వాళ్ల మాటలు అర్థం కాకపోయినా దగ్గరగా కుర్చీ వేసుకునేవాణ్ణి. తర్వాత వాళ్ల ఫ్యాక్టరీలో ఆదివారం షిఫ్టు పెట్టారు. వాళ్లూ రాలేదు. సారు ఒకసారి వచ్చి గది చూసి, "వానలు షురువైతున్నయి" అని మాత్రం అన్నాడు.

ఆ మాటన్న తర్వాతి ఆదివారం. తొలకరి పడి నేల ఇంకా చెమ్మగా ఉంది. గది తెరిచి, బల్ల తుడిచి, కూర్చున్నాను. ముళ్లకంప అవతల, బావి వైపు నుంచి ఆ మోటు అరుపు వినిపించింది. ఒకసారి. కాసేపటికి ఇంకోసారి, బదులుగా ఇంకో గొంతు. లేచి కంప దాకా వెళ్లి నిలబడ్డాను. కానుగ మళ్లీ గుబురుగా పెరిగింది. తెల్లని నాడా ఒకటి ఆకుల్లో మెరిసి, కిందికి దిగి, అక్కడే ఆగిపోయింది.

వెనక కారు ఆగింది. భార్యాభర్తలు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారి దర్శనం చేసుకుని వస్తున్నారు, నుదుట కుంకుమ ఇంకా తడిగానే ఉంది. ఆమె చేతిలో ఫోను. అందులో నిరుటి ఫోటో, కెమెరా ఆయన తీసిందే.

"అంకుల్, గీ పిట్ట ఈడనే ఉంటదంట గద? మా చుట్టాలందరు వస్తమంటున్నరు, ముందు మేం చూసి చెప్తమన్నం."

బోణీ. వీళ్లు ఫోను తీసి ఒక్క మాట చెబితే వచ్చే ఆదివారం గేటు ముందు కార్లు నిలుస్తాయి. సారు తాళం సంగతి మరిచిపోతాడు. నా నోట్లో "రాండ్రి" అన్న మాట తయారుగా ఉంది.

"నిరుడు ఉండెనమ్మా" అన్నాను.

"ఇప్పుడు లేదా?"

"లేదు. చెట్లున్నయి, చూడుండ్రి. మామిళ్లు పాతవి."

అతను గదిలోకి వెళ్లి ఏదో మీట నొక్కాడు. జెముడుకాకి కూసింది. ఆమె నవ్వింది. ఇద్దరూ కారు వైపు నడిచారు. నాలుగడుగులు వేశాక ఆమె వెనక్కి తిరిగింది. ముప్పై ఏళ్ల దుకాణంలో ఆ నాలుగో అడుగు కోసమే కళ్లు కాయలు కాసేలా చూశాను.

"నిజంగ లేదా అంకుల్? జెర చూసి చెప్పరాదు?"

"లేదమ్మా" అన్నాను.

కారు వెళ్లిపోయాక తోటమాలి వచ్చింది. తెల్లచీర, చంకలో గుడ్డలో చుట్టిన బైబిలు. మెట్టు మీద కూర్చుని చెప్పుల బురద పుల్లతో గీకుతూ, "బోణీ అయిందా సేటు?" అంది. ఏడాదిగా ఆమె నన్ను అడిగిన మొదటి మాట అది.

"కాలే."

కంప అవతల మళ్లీ ఆ అరుపు. ఆమె చేతిలో పుల్ల ఆగింది. నా వైపు చూసింది. నేను రోడ్డు వైపు చూశాను. ఆమె మళ్లీ చెప్పు గీకడం మొదలుపెట్టింది. కాసేపటికి లేచి, సామాన్ల గదిలోకి వెళ్లి చీపురు తెచ్చి, నా కుర్చీ చుట్టూ ఊడ్చింది. కాళ్ల దగ్గరికి వచ్చాక, "ఎత్తు" అంది. ఎత్తాను. కింద కూడా ఊడ్చింది.

సాయంత్రం దాకా ఇంకెవరూ రాలేదు. రోడ్డు మీద స్కూటర్ చప్పుడు వినిపించినప్పుడల్లా తల ఎత్తి చూస్తూనే ఉన్నాను. ఆ ఒక్క మనిషి వచ్చి అడిగితే మాత్రం, కంప పక్కకు జరిపేవాణ్ణేమో.